గోడ మీద లేని పగులు

మొదటి వారం నుంచి ఈ సీరియల్ వెంట వస్తున్నవాళ్లకు ఒక్క మాట చాలు: ఆ రోజు రానే వచ్చింది. ఇవాళే బండెక్కినవాళ్లకు మాత్రం నాలుగు ముక్కలు చెప్పాలి.

నంద్యాలలో పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఫొటోలు తీసి బతికే షాలిని నిరుడు ఎండాకాలంలో ఆళ్లగడ్డకు ఒక పని మీద వెళ్లింది. శిల్పి నారాయణాచారి చెక్కిన అమ్మవారి విగ్రహానికి కళ్లు తెరిచే కార్యం. ఫొటోలు షాలినివి, వీడియో రాజశేఖర్‌ది. రాజశేఖర్ అంటే నంద్యాలలో పెద్ద స్టూడియో, ఒకప్పుడు షాలినికి పని నేర్పిన మనిషి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చూసుకుంటే ఆమె కెమెరాలో కార్డు ఖాళీ. ఒక్క ఫొటో లేదు. మళ్లీ తీద్దామంటే రాతికి రెండోసారి కళ్లు తెరవరు కదా.

మర్నాటికల్లా రాజశేఖర్ నోటి నుంచి ఒక కథ బయల్దేరింది. కళ్లు తెరిచే వేళ విగ్రహానికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. ఎదురుగా అద్దం పెడతారు. అమ్మవారి తొలిచూపు ఆ అద్దంలో తన మీదే పడాలి. "ఆ కిరస్తానం పిల్లకు ఇవన్నీ ఏం తెలుసప్పా, ఎదురుగా పోయి నిలబడింది, అందుకే కెమెరా మాడిపోయింది" అన్నాడాయన. కథకు కాళ్లు లేవంటారు. ఈ కథ మాత్రం ఆత్మకూరు దాకా, పాములపాడు దాకా నడిచిపోయింది. షాలినికి పెళ్లి ఫొటోలు చెప్పినవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి వద్దన్నారు.

పోయిన నెల రాజశేఖర్ స్టూడియో ముందు నిలువెత్తు ఫ్లెక్సీ లేచింది. రాష్ట్రస్థాయి పోటీలో మొదటి బహుమతి పొందిన ఫొటో. అమ్మవారు, అద్దం, ఉలి పట్టిన నారాయణాచారి చెయ్యి. అది తన ఫొటో. షాలిని రోడ్డుకు అవతల నిలబడి దాన్ని చాలాసేపు చూసింది. ఏడవలేదు. ఏడిస్తే కడుపులో మంట చల్లారుతుందని భయపడింది. ఆ వారంలోనే ఫొటోగ్రాఫర్ల సంఘం అధ్యక్షుడు సంజీవయ్య ఫోన్ చేసి, ఫొటోగ్రఫీ దినం నాడు నీ కెమెరా గురించి సభలో మాట్లాడతావా అని అడిగాడు. మాట్లాడతానంది. ఎందుకు ఒప్పుకుందో మీకూ నాకూ తెలుసు. రాజశేఖర్‌కు తెలియదు.

ఆగస్టు పందొమ్మిది. ఏటా ఆ రోజు నంద్యాల ఫొటోగ్రాఫర్లు తెల్ల చొక్కాలు వేసుకుని ఊళ్లో ర్యాలీ తీస్తారు, ఫొటో తీయడం కనిపెట్టిన ఫ్రాన్సు దొర పటానికి దండ వేస్తారు, కొబ్బరికాయ కొడతారు. ఆ దొర పేరు సంఘంలో సగం మందికి నోరు తిరగదు. అయినా ఆయనకు బంతిపూల దండ బారెడుది పడుతుంది.

బస్టాండు వెనక ఫంక్షన్ హాలు నిండిపోయింది. వేదిక మీద దొర పటం పక్కనే రాజశేఖర్ బహుమతి ఫొటో పెట్టారు. ఎవరో ఉత్సాహవంతుడు దానికి కూడా ఒక దండ వేశాడు. ముఖ్య అతిథిగా ఆళ్లగడ్డ నుంచి వచ్చిన నారాయణాచారి దాన్ని చూసి, "అప్పా, ఆ చెయ్యి నాది. నేనింకా బతికే ఉండా" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. దండ తీసేశారు.

ముందు వరసలో షాలిని తండ్రి జ్ఞానప్రకాశం సార్ కూర్చున్నాడు. రిటైరైన టీచరు. ఆ హాల్లో సగం మందికి ఎక్కాలు చెప్పినవాడు. ఆయన రానన్నాడు. ఏడాదిగా ఆయనది ఒకటే మాట, వదిలేయమ్మా, పగ మనకొద్దు, ఆ ఫొటోల సంగతి మర్చిపో. ఇవాళ మాత్రం షాలిని వినలేదు. "నాయనా, నా పేరు పోయినప్పుడు నలుగురిలో తల దించుకున్నావు. వచ్చేటప్పుడు కూడా చూడాల" అని చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది.

ల్యాప్‌టాప్ దగ్గర సుకన్య కూర్చుంది. షాలినితో పాటు ఒకే బెంచీ మీద చదువుకున్న పిల్ల. షాలిని ఫొటో తీస్తే సుకన్య లైటు పట్టుకుంటుంది, ఆళ్లగడ్డలోనూ తనే పట్టుకుంది, షాలిని అలిగితే సుకన్య అన్నం తినిపిస్తుంది. అందరూ మొహం చాటేసిన ఏడాదిలో షాలిని గుమ్మం తొక్కిన స్నేహితురాలు ఆమె ఒక్కతే. పొద్దున్నుంచి సుకన్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమే, ఈ పొద్దు వద్దులే. ఊరికే కెమెరా గురించి చెప్పి దిగిపో" అంది చెవిలో.

"భయపడాల్సింది నువ్వు కాదులే" అంది షాలిని. "నేను తలూపినప్పుడల్లా ఒక ఫొటో మార్చు. అంతే నీ పని."

రాజశేఖర్‌కు శాలువా కప్పడం అయింది. కొబ్బరికాయ చేతిలో పెట్టడం అయింది. ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, ఈ బహుమతి నాది కాదు, మీ అందరిదీ అన్నాడు. సభల్లో ఇలాంటి మాటలు అబద్ధమని తెలిసే చప్పట్లు కొడతారు. ఈసారి అందులో సగం నిజం ఉందని షాలినికి తెలుసు.

సంజీవయ్య మైకు అందుకున్నాడు. "మనోళ్లు చానామంది ఇంకా పాత కెమెరాలే మోసుకుని తిరుగుతాండారు. కొత్తవి కొందామంటే ఏది కొనాల్నో తెలీదు. కంపెనీవాడు చెప్పేది వాడి మాట. వాడినోళ్లు చెప్పేదే మన మాట. షాలిని పాప చవకలో ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొనింది. దాని మంచీ చెడ్డా రెండూ చెప్తాది. రామ్మా."

షాలిని కెమెరా మెడలో వేసుకునే వేదిక ఎక్కింది. కొన్ని గొంతులు గుసగుసలాడాయి. కెమెరా మాడిపోయిన పిల్ల ఇదే కదా అని ఎవరో అన్నారు. ఆ మాట ఆమెకు వినబడింది. వినబడాలనే అన్నారు.

"పెద్దలకు నమస్కారం" అంది. "ఫుల్ ఫ్రేమ్‌లో ఇంతకన్నా చవకది దొరకదు. నా స్కూటీ అమ్మి కొన్నా. ముందు మంచి చెప్తా. తేలిక. ముహూర్తం కాడి నుంచి అప్పగింతల దాకా మెడలో ఉన్నా మెడ లాగదు. వెలుతురు తక్కువైనా బొమ్మ గింజలు గింజలుగా రాదు. మా చర్చిలో పెండ్లికి కొవ్వొత్తులు చాలు, ఫ్లాష్ కొట్టి పాస్టరయ్య కండ్లు చెదరగొట్టే పని లేదు."

నవ్వులు. ఆమె కెమెరాను తెరకు కలిపి హాలు వైపు తిప్పింది. తెర మీద జనం కనిపించారు. వాళ్ల మొహాల మీద ఒక చిన్న తెల్ల డబ్బా ఎగురుతూ, సంజీవయ్య కన్ను మీద ఒకసారి, నారాయణాచారి కన్ను మీద ఒకసారి వాలింది.

"మనిషి కన్ను యాడున్నా ఇది ఎతికి పట్టుకుంటాది. మనం ఫోకస్ కోసం తంటాలు పడే పనే లేదు. కదిలినా వదలదు. దీన్ని కొనింది దీనికోసమే" అంది షాలిని. డబ్బా రాజశేఖర్ ఎడమ కన్ను మీద వాలి కాసేపు అక్కడే ఉంది. ఆయన చిరునవ్వు నవ్వాడు. బాగా వస్తాడు ఆయన, ఫొటోల్లో.

"ఇంక చెడ్డ చెప్తా. బ్యాటరీ చంటిపిల్ల లెక్క, గంటకోసారి పాలియ్యాల. చేతి పట్టు చిన్నది, చిటికెన వేలికి చోటుండదు. అలవాటు లేనోళ్లు ఎత్తితే వేలు పోయి బటన్ మీద పడి ఫొటో తీసేస్తాది. మా నాయన ఎత్తినప్పుడల్లా మా ఇంటి పైకప్పు ఫొటో ఒకటి వస్తాది."

జ్ఞానప్రకాశం సార్ నవ్వలేదు.

"అన్నిటికన్నా పెద్ద చెడ్డ, కార్డు ఒకటే. మీ పెద్ద కెమెరాల్లో రెండు కార్డులు పడతాయి, ఒకటి పోతే ఇంకొకటి ఉంటాది. దీంట్లో ఒకటే, అదీ అడుగున, బ్యాటరీ మూతలోనే. ఎవురన్నా మూత తీసి కార్డు మార్చేస్తే మనకు మిగిలేది ఏమీ ఉండదు."

శాలువా సర్దుకుంటూ రాజశేఖర్ ముందుకు వంగాడు. "చవకది కొంటే అంతే పాపా. మన తప్పుకు కెమెరాను అంటే ఎట్లా?"

"నిజమేన్నా" అంది షాలిని ఎంతో వినయంగా. ఆ వినయం చూసి వేరే వాళ్లయితే జాగ్రత్తపడేవాళ్లు. "మీ ఖరీదు కెమెరాకూ నా చవక కెమెరాకూ తేడా చూపిద్దామనే ఉండా. మీ బహుమతి ఫొటో తెర మీద వెయ్యొచ్చునా?"

"దానికేం భాగ్యం, వేసుకో."

షాలిని తలూపింది. సుకన్య మీట నొక్కింది. తెర నిండా ఆళ్లగడ్డ పరుచుకుంది. అద్దంలో అమ్మవారి మొహం, అప్పుడే తెరుచుకున్న కళ్లు, ఉలి పట్టిన ముసలి చెయ్యి, అద్దం పైన సున్నం కొట్టిన తెల్ల గోడ. ఎంత పగ ఉన్నా షాలిని తెర దగ్గరకు ఒక అడుగు వేసి ఆ ఫొటో చూసింది. అది అంత బాగుంటుంది మరి.

"అన్నా, పైన కుడి మూలన ఆ గోడ మీద కొక్కెం మాదిరి ఒక గీత ఉండాది. అదేంది?"

రాజశేఖర్ అటు చూడనైనా లేదు. "పగులమ్మా. పాత గోడ."

"బాగా చూసినావా?"

"ఏందీ ప్రశ్న? ఆడ నిలబడి తీసిందే నేనైతే, నాకు తెలీదా? పగులే."

షాలిని నారాయణాచారి వైపు తిరిగింది. "పెద్దాయనా, మీ గోడకు పగులుండాదా?"

ముసలాయన కుర్చీలోంచి లేచి, తెర దగ్గరకు వెళ్లి, కళ్లద్దాలు పైకి తోసి చూశాడు. "మా గోడకు పగులేందమ్మా? ఆ కార్యం కోసమని కొత్తగా కట్టించి సున్నం కొట్టించిన గోడ. గీత కూడా లేదు దానికి."

"మరి ఇదేంది?"

"నాకేం తెలుసు. ఇది నా గోడది కాదు."

"కాదు పెద్దాయనా. ఇది నాది" అంది షాలిని.

ఏడాదిగా పచ్చడి జాడీకి వాసెన గుడ్డ కట్టినట్టు కట్టి దాచుకున్న మాటలు అవి. ఒక్కొక్కటే తీసి వడ్డించింది. తొందరపడలేదు.

"ఈ కెమెరాకు ఇంకో చెడ్డ ఉండాది, చెప్పడం మర్చిపోయినా. లెన్స్ తీస్తే లోపల బొమ్మ పడే అద్దం అట్లనే బయటికి కనపడతాది, దానికి మూత ఉండదు. కార్యానికి ముందు, విగ్రహం చెక్కేటప్పుడు ఒకసారి ఆళ్లగడ్డకు పోయినా. రాతిపొడి ఎగురుతాండే చోట నిలబడి లెన్స్ మార్చినా. దుమ్ము పడింది. పడితే ఊదుకోవాల, నేనేం చేసినా? చున్నీ కొంగుతో తుడిచినా. నల్లరాతి పొడిని అద్దం మీద పెట్టి రుద్దినా."

ఫొటోగ్రాఫర్లందరూ ఒక్కసారిగా అయ్యో అన్నారు. ఆ బాధ వాళ్లకు తెలుసు.

"గీత పడింది. కొక్కెం మాదిరి. లెన్స్ కన్ను సన్నం చేసి ఎండలో తీస్తే ప్రతి ఫొటోలో కనపడతాది, ఎప్పుడూ ఒకే చోట. బాగు చేపిద్దామంటే హైదరాబాదుకు పంపల్ల. పంపలేక దాంతోనే బతుకుతాండా. సిగ్గుతో ఎవురికీ చెప్పలే. సుకన్యా, వెయ్యి."

తెర మీద శ్రీశైలం డ్యాము, పైన తెల్లటి మబ్బు. మబ్బు మీద పైన కుడి మూల కొక్కెం. షాలిని తలూపింది. చర్చి గోడ, అదే మూల, అదే కొక్కెం. మళ్లీ తలూపింది. పాములపాడు చెరువు కట్ట మీద ఒక తెల్ల ఎద్దు. దాని మూపురం మీద అదే కొక్కెం.

"ఈ పగులు నాతోనే తిరుగుతాందన్నా" అంది షాలిని. "శ్రీశైలం మబ్బుకు పగులు. పాములపాడు ఎద్దుకు పగులు. నా కెమెరా ముందు నువ్వు నిలబడు, నీ మొహానికి కూడా పగులు పెడతా."

వెనక వరసల్లో ఎవరో ఈల వేశారు. రాజశేఖర్ మొహం మీద చిరునవ్వు ఇంకా ఉంది గానీ, దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియడం లేదు. "దుమ్ము ఎవుని కెమెరాలోనైనా పడతాది" అన్నాడు. "నా దాంట్లో కూడా పడి ఉండొచ్చు."

"ఇప్పుడే కదన్నా పగులంటివి. ఆడ నిలబడి కంటితో చూసినానంటివి."

రాజశేఖర్ ఒక్క అబద్ధం తక్కువ చెప్పి ఉంటే తప్పించుకునేవాడు. కానీ ఏ ఫొటో గురించైనా తెలియదనే మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు, అదే కొంప ముంచింది.

నారాయణాచారి ఇంకా తెర దగ్గరే నిలబడి ఉన్నాడు. సుకన్యను మళ్లీ ఆ ఫొటో వేయమన్నాడు. వేలితో తెర మీద చూపించాడు. "ఇంకో మాట కూడా చెప్పాల. ఈ ఫొటో తీసిన మనిషి అమ్మవారికి పక్కన, ఒక అడుగు వెనకగా నిలబడినాడు. అద్దంలో పడిన మొహాన్ని తీసినాడు. ఎదురుగా నిలబడితే ఈ ఫొటో రాదు. ఎదురుగా నిలబడిందని ఈ పిల్ల మీద నింద వేసినోళ్లు ఎవురో గానీ, వాళ్లకు అమ్మవారి సంగతీ తెలీదు, ఫొటో సంగతీ తెలీదు. నా పనిలో ఇంత మర్యాదగా నిలబడినోళ్లను నేను చూడలే."

షాలిని తండ్రి వైపు చూసింది. ఈ మాట కోసమే ఆయన్ను లాక్కొచ్చింది. ఆయన ఒళ్లో చేతులు పెట్టుకుని, వాటినే చూసుకుంటున్నాడు. ఆనందంతో కళ్లు తడిశాయేమో, దాచుకుంటున్నాడనుకుంది.

సంజీవయ్య నెమ్మదిగా లేచాడు. రాజశేఖర్ దగ్గరకు వెళ్లి, తాను కప్పిన శాలువాను తానే భుజం మీద నుంచి తీశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. శాలువా కప్పితే కొడతారు గానీ తీస్తే ఏం చేయాలో ఆ హాల్లో ఎవరికీ తెలియదు. సంజీవయ్య దాన్ని మడిచి, షాలిని భుజం మీద వేయబోయాడు.

"వద్దు పెదనాయనా" అంది షాలిని. "ఆయన ఒంటి మీది గుడ్డ నాకొద్దు. నా ఫొటో కింద నా పేరు రాయండి. నేను ఎదురుగా నిలబడలేదని ఆయన నోటితోనే మైకులో చెప్పమనండి. ఈడ చెప్పినాక ఆళ్లగడ్డలో చెప్పాల, ఆత్మకూరులో చెప్పాల. కథ యాడ యాడ తిరిగిందో ఆడంతా పోయి చెప్పాల."

చప్పట్లు అప్పుడు మోగాయి. తప్పుకుని తిరిగినవాళ్లు, ఫోన్ ఎత్తనివాళ్లు, గుసగుసలాడినవాళ్లు, అందరూ కొట్టారు. షాలిని ఆ చప్పట్లను కడుపారా విన్నది. పగ తీరితే మనసు ఖాళీ అవుతుందని చెప్పేవాళ్లు ఎప్పుడూ పగ తీర్చుకున్నవాళ్లు కారు. ఆమె మనసు నిండింది. చెరుకురసం తాగినట్టు నాలుక తియ్యగా అయింది.

రాజశేఖర్ మైకు దగ్గరకు వచ్చాడు. చొక్కా నలిగింది. కానీ ఆయన నడకలో ఓడిపోయినవాడి బెదురు లేదు. షాలిని అది గమనించింది.

"ఫొటో నాది కాదు" అన్నాడు. "ఈ పిల్ల ఎదురుగా నిలబడలేదు. ఆ మాట నేను పుట్టించిందే. తప్పే, ఒప్పుకుంటాండా. ఊరూరా చెప్పమంటే చెప్తా. కానీ దొంగతనం చేసినానంటే మాత్రం ఒప్పుకోను. ఆ కార్డును నేను తీయలే. నా చేతికి తెచ్చి ఇచ్చినారు."

"ఎవురు?" అన్నాడు సంజీవయ్య.

రాజశేఖర్ జేబులోంచి తాళంచెవుల గుత్తి తీశాడు. దానికి వేలాడుతున్న పెన్‌డ్రైవ్ ఊడదీసి, వేదిక దిగి, సుకన్య ముందు బల్ల మీద పెట్టాడు. "ఆ కార్డులో ఉండేవన్నీ దీంట్లో ఉండాయి. ఎప్పుడన్నా అవసరం పడతాదని దగ్గరే పెట్టుకున్నా. అన్నిటికన్నా చివరి ఫొటో వెయ్యి పాపా."

సుకన్య చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"వెయ్యవే" అంది షాలిని వేదిక మీద నుంచి. "ఏముంటే అదే కనపడనీ."

సుకన్య ఆమె వైపు చూసింది. ఆ చూపు ఏమిటో షాలినికి అర్థం కాలేదు. చిన్నప్పుడు స్కూల్లో షాలిని పలకను పగలగొట్టి సుకన్య అలాగే చూసింది. చివరికి రాజశేఖరే వంగి పెన్‌డ్రైవ్ గుచ్చి మీట నొక్కాడు.

తెర మీద ఫొటో పడింది. వంకరగా ఉంది, ఎవరో కెమెరా ఎత్తబోతే బటన్ మీద వేలు పడి వచ్చిన ఫొటో. కార్యం అయిపోయాక గోడకు ఆనించిన అద్దం. పైన కుడి మూల అదే కొక్కెం. అద్దంలో బల్ల, బల్ల మీద నుంచి కెమెరా ఎత్తుకుంటున్న ఒక ఆడపిల్ల. ఒక చెయ్యి కెమెరా పట్టుకుని ఉంది, ఇంకో చెయ్యి అప్పటికే అడుగునున్న మూత మీద ఉంది. ఆకుపచ్చ చుడీదార్. దాన్ని క్రిస్మస్‌కు షాలినే కొనిపెట్టింది.

సుకన్య.

హాల్లో ఎవరో షాలిని పేరు పిలిచారు. ఆమెకు వినబడలేదు. నాలుక మీద తీపి అలాగే ఉంది, ఇప్పుడు అది వెగటుగా ఉంది. రాజశేఖర్ కోసం ఏడాది పొడుగునా పదును పెట్టుకున్న కత్తి చేతిలోనే ఉంది, ఎదురుగా మాత్రం మనిషి మారిపోయింది. ఎన్ని సాయంత్రాలు ఈ పిల్ల భుజం మీద తల పెట్టి ఏడ్చింది! కార్డు ఎట్లా పోయిందే అని ఎన్నిసార్లు అడిగింది! అడిగినప్పుడల్లా సుకన్య వీపు నిమిరింది, ఆ నిమిరిన చెయ్యి ఇదే.

వేదిక మెట్లు ఎలా దిగిందో తెలియదు. బల్ల దగ్గర నిలబడింది.

"ఎంతకు అమ్ముకున్నావే నన్ను?" అంది. గొంతు చాలా మెల్లగా వచ్చింది. "ఏమిచ్చినాడు వీడు? అడిగింటే నేనే ఇచ్చేదాన్ని కదే. నా కెమెరా కూడా ఇచ్చేదాన్ని."

సుకన్య లేచి నిలబడింది. ఏడుస్తుందనుకున్నారు అందరూ. ఏడవలేదు.

"నేను అమ్ముకోలే" అంది. "ఈయన నాకేమీ ఇయ్యలే. ఈ ఏడాది ఈయనతో నేను మాట్లాడింది కూడా లేదు, అడుగు. కార్డు తీసినా, అది నిజం. ఖాళీది పెట్టినా, అదీ నిజం. నువ్వు నన్ను ఏమన్నా పడతా. కానీ తీసి ఇమ్మనింది ఈయన కాదు, షాలినీ. నేను కార్డు పెట్టింది ఈయన చేతిలో కాదు."

"మరి ఎవురి చేతిలో?"

సుకన్య షాలిని భుజం మీదుగా ముందు వరస వైపు చూసింది. చేతులు కట్టుకుంది, క్లాసులో టీచరు ముందు నిలబడినట్టు.

"సార్" అంది. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

షాలిని వెంటనే వెనక్కి తిరగలేకపోయింది. చూడలేనిది ఏదైనా ఎదురైతే కెమెరా కంటికి పెట్టుకోవడం ఆమెకు మొదటి నుంచీ అలవాటు. తల్లి శవపేటిక మీద మూత వేసినప్పుడు కూడా అలాగే చూసింది. ఇప్పుడూ చెయ్యి దానంతట అదే కెమెరాను ఎత్తింది. అలా ఎత్తుకునే తిరిగింది.

ముందు వరసలో జ్ఞానప్రకాశం సార్ కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుంటున్నాడు. చిన్న తెల్ల డబ్బా ఆయన మొహం మీదకు దూకి, కన్ను కోసం వెతికింది. నుదుటి మీద ఆగింది, చెంప మీదకు జారింది, మళ్లీ నుదుటికి ఎగబాకింది. ఎక్కడా నిలవలేదు.

ఆయన తల దించుకున్నాడు. ఎత్తలేదు.